హైమ అలమార తాళం

పక్కల మీదికి చేరారా? అయితే ముందు ఒకటి చెప్పండి. పుస్తకాన్ని చంపేదెవరర్రా, చెదపురుగా, మనిషా? తెలీదూ? ఊఁ కొడుతూ వినండి మరి.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టున, ఓ చిన్న లైబ్రరీ. దానికి హైమావతి అనే అమ్మాయి లైబ్రేరియన్‌గా వచ్చింది. "ఒక్క పుస్తకం పోయినా నువ్వే జవాబు చెప్పాలి" అన్నారు పైవాళ్ళు. హైమకి భయం పట్టుకుంది. అప్పుడేం చేసింది? పుస్తకాలన్నిటికీ అట్టలేసి, నంబర్లు అంటించి, అద్దాల అలమారలో పెట్టి తాళం వేసేసింది. రోజూ అద్దాలు తళతళా తుడిచేది. తలుపు మాత్రం తీసేది కాదు.

చేపలమ్మే ఆవిడ వచ్చి పాటల పుస్తకం అడిగింది. "చేతులకి పొలుసులున్నాయి" అంది హైమ. "పుస్తకాలకీ మడి కట్టావా తల్లీ!" అని గంప ఎత్తుకుని పోయిందావిడ.

ఆ తర్వాత ఒక తాత వచ్చాడు. "నీ చుట్ట నిప్పు పడుతుంది తాతా" అంది. ఆయనా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నూకాలు అనే ఆవిడ వచ్చింది. "మా పిల్ల పైడమ్మకి జబ్బు చేసిందమ్మా. పడవ బొమ్మ పుస్తకం కావాలంటోంది. అద్దంలోంచి చూసిందట."

"ఇంటికివ్వను. ఇక్కడికొచ్చి చదువుకోమను."

"మంచం దిగలేదమ్మా."

హైమ చెయ్యి తాళంచెవి దాకా వెళ్ళింది. అంతలోనే వెనక్కొచ్చింది. "ఇప్పుడిస్తే తడిసిపోతుంది, వానలు తగ్గాక చూద్దాంలే."

వానలు తగ్గాయి. పైడమ్మ ఇంకా లేవలేదని తెలిసింది. హైమకి మనసాగలేదు. వెళ్ళి అలమార తీసింది. పడవ పుస్తకం పట్టుకుంటే అట్ట చేతికొచ్చింది, లోపలంతా చెదమట్టి. పక్కది తీసింది, మట్టి. దాని పక్కది తీసింది, అదీ మట్టే. అద్దంలోంచి చూస్తే అన్నీ బారులు తీరి నిలబడే ఉండేవి పాపం!

అప్పుడు వట్టి చేతులతోనే నూకాలింటికి వెళ్ళింది. పైడమ్మ కళ్ళు విప్పింది. "తెచ్చావా?"

"పాడైపోయిందమ్మా."

"పోనీ, కథ చెప్పు."

హైమ నోరు తెరిచింది. ఆ పుస్తకం ఏ అరలో ఉండేదో తెలుసు. నంబరెంతో తెలుసు. కథే తెలీదు. ఒక్కనాడూ తెరిచి చూస్తేగా!

"అట్ట మీద ఒక పడవ ఉండేది..." అంది.

"తర్వాత?" అంది పైడమ్మ.

హైమ దగ్గర తర్వాత లేదు. మంచం పట్టె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పిల్ల మాత్రం ఆమె మొహంలోకే చూస్తూ ఎదురుచూసింది. చూస్తూ చూస్తూనే నిద్రపోయింది.

ఇవ్వడానికే కదర్రా లైబ్రేరియన్ ఉండేది! దాచడానికి చీమలు చాలవూ? మీరు ఊరుకోకండి. తాళం కనిపిస్తే తీయమనండి, తీసేదాకా అడగండి.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి.
తెల్లారి లేవండి, లైబ్రరీకి పోండి,
తాళం తీయించండి, పుస్తకం ఇంటికి తెండి!