ఆదెమ్మగారి మూడో గేరు

1994వ సంవత్సరం జూన్ 17, శుక్రవారం. మృగశిర కార్తె సగం దాటింది. రెండు రోజుల కిందట పెద్దవాన పడి వెలిసింది. ఆ ఉదయం ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది, పడమటి గాలి చల్లగా తిరిగింది, నల్లరేగడి సరిగ్గా పదునుకు వచ్చింది. రైతు అన్నవాడెవడూ ఇంట్లో కూర్చోలేని రోజు.

అలాంటి రోజున, చిలకలూరిపేట దారిలో ఉన్న దావూద్ మేస్త్రి షెడ్డులో యేసోబు ఒక ప్రశ్న అడిగాడు. దావూద్ మేస్త్రి ట్రాక్టర్లు బాగుచేసేవాడు. యేసోబు ఆయన దగ్గర తొమ్మిదేళ్లుగా పని నేర్చుకుంటున్న శిష్యుడు, ముప్ఫైకి దగ్గరపడ్డ మనిషి.

“మేస్త్రిగారూ, గేరుబాక్సు విప్పకముందే రోగం ఎక్కడుందో మీకెట్టా తెలిసిద్ది? నాకు విప్పి చూసినా సగంసార్లు తెలియటం లేదు.”

మేస్త్రికి ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరు ఏమడిగినా టీ తెప్పించేవాడు. టీ వచ్చి, చల్లారి, తాగటం అయ్యేలోగా సగం ప్రశ్నలు వాటంతటవే పోతాయని ఆయన అనుభవం. ఈ పద్ధతి కాలేజీల్లో పెట్టి ఉంటే ఎందరో బాగుపడేవారు; కాని అక్కడ జవాబు రాకముందే గంట కొట్టేస్తారు.

ఆ రోజు టీ తాగటం పూర్తి కాకముందే ఆదెమ్మగారి ట్రాక్టరు వచ్చింది. అది 1959 నాటిది. ఊళ్లోకి మొట్టమొదట వచ్చినప్పుడు దాని చప్పుడుకి బెదిరి మునసబుగారి ఎడ్లు పలుపులు తెంపుకుని రెండు రోజులు కనబడలేదట. ఎడ్లు పోయాయి, మునసబుగారూ పోయారు, ట్రాక్టరు మిగిలింది. దాన్ని ముప్ఫై నాలుగేళ్లు తోలిన భర్త కిందటేడు పోయాక, అరవై ఏళ్ల ఆదెమ్మగారు తానే తోలటం నేర్చుకున్నారు. ఆ ఉదయం కూడా స్వయంగా తోలుకుంటూ వచ్చారు. వెనకాలే మోటారు సైకిలు మీద ఆమె మరిది వీరరాఘవులు, వాడి వెనక పాతఇనుం కొనే మనిషి.

సంగతి ఇది. గొర్రు దింపి మూడో గేరులో నాలుగు బారలు పోగానే గేరు తనంతట తాను ఊడివస్తోంది. పట్నంలో ఇద్దరు మెకానిక్కులు రెండుసార్లు గేరుబాక్సు విప్పారు, ఇరవై రోజుల కిందటే కొత్త పళ్లచక్రాలు వేశారు. వాళ్లు తోలినప్పుడు నిక్షేపంలా నడిచింది. ఆమె తోలితే మళ్లీ అదే పాట.

“సాయంత్రానికి మూడో గేరు నిలిస్తే సరి. నిలవకపోతే బండి పాతఇనుంకి, పొలం నాకు కౌలుకి. వదిన మాటిచ్చింది,” అన్నాడు వీరరాఘవులు.

“ఇచ్చాను. నీలాగా రోజుకొకటి ఇయ్యను,” అన్నారు ఆదెమ్మగారు.

మేస్త్రి తలపాగా సర్దుకుని లేచాడు. జుమ్మా నమాజుకి వేళవుతోంది. “యేసోబూ, నువ్వు విప్పి చూసి పెట్టు. నేనొచ్చి వింటాను.”

యేసోబుకు పట్టరాని సంతోషం కలిగింది. పైమూత విప్పాడు. నూనె చుక్క అరచేతిలో వేసుకుని ఎండలో చూశాడు. సన్నగా ఇనుపరజను మెరిసింది. గేరుని దాని చోట పట్టి ఉంచే గుండు, స్ప్రింగు తీసి నొక్కి చూశాడు, బాగున్నాయి. గేరుని జరిపే కొక్కెం వంగలేదు. బేరింగులు ఊగటం లేదు. చివరికి మూడో గేరు పళ్ల మీద వేలు పెట్టి తడిమాడు. కొత్త పళ్లే, కాని అంచులు అప్పుడే మొండిబారుతున్నాయి. దొరికింది! మేస్త్రి ఎప్పుడొస్తాడా అని మసీదు వైపే చూస్తూ నిలబడ్డాడు.

“పళ్లలో ఇనుం మంచిది కాదు మేస్త్రిగారూ. మార్చాల్సిందే,” అన్నాడు, ఆయన షెడ్డులో కాలు పెట్టగానే.

మేస్త్రి వంగి చూశాడు. “ఇది దెబ్బరా. కొట్టిందెవరు?”

వీరరాఘవులు పకపకా నవ్వాడు. “ఎవరేంది సాయిబూ, మా వదినే. ఆడచేతికి గేర్లు లొంగుతాయా?”

“చెయ్యి సంగతి ఎత్తకు రాఘవులూ,” అన్నారు ఆదెమ్మగారు. “నేను కాపురానికి వచ్చిన కొత్తలో నీ ముక్కు తుడిచింది ఈ చెయ్యే. ఆ ముక్కొక్కటే లొంగలేదు.”

పాతఇనుం మనిషి కూడా నవ్వాడు. మేస్త్రి మాత్రం నవ్వకుండా, యేసోబు చేత మూత బిగింపించి, ఆమెను ఎక్కి కూర్చోమన్నాడు. తాను నేల మీద ఒక గోనెపట్టా పరుచుకుని ట్రాక్టరు పక్కన వెల్లకిలా పడుకున్నాడు. శిష్యుణ్ణి కూడా పడుకోమన్నాడు. పెళ్లికి తొడుక్కున్నట్టు ఉతికిన శుక్రవారం బట్టల్లో గురువు, నూనె బట్టల్లో శిష్యుడు, ఇద్దరూ పక్కపక్కన. ఏదో కొత్తరకం పూజ అనుకుని దారిన పోయేవాళ్లు ఆగారు.

“అమ్మగారూ, ఇంజను స్టార్టు చేసి మూడో గేరు వెయ్యండి. పొలంలో ఎట్టా వేస్తారో అట్టాగే.”

యేసోబు కళ్లు అలవాటుగా గేరుబాక్సు మీదే ఉన్నాయి. మేస్త్రి మోచేత్తో పొడిచాడు. అప్పుడు చూశాడు: ఆదెమ్మగారు సీటు అంచుకి జారి, కాలు చాచి, బొటనవేలి కొసతో క్లచ్చి తొక్కుతున్నారు. ముక్కాలు వంతు దిగి క్లచ్చి ఆగిపోయింది. ఆమె కాలు అంతకన్నా సాగదు. లోపల చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. దాని మీదికి గేరు కర్రుమంటూ వెళ్లి సగమే కరుచుకుంది. సగం కరుచుకున్నది బరువు పడితే జారక ఏం చేస్తుంది? పట్నం మెకానిక్కులిద్దరికీ కాళ్లు పొడుగు. వాళ్ల కింద బండి ఎన్నడూ జబ్బు పడలేదు.

మేస్త్రి పడుకునే అడిగాడు. “అమ్మగారూ, మీవారు ఎంత ఎత్తుండేవారు?”

“తాడిచెట్టు! పెళ్లిలో తలంబ్రాలు పొయ్యటానికి నాకు పీట మీద పీట వేశారు. అయినా సగం ఆయన భుజం మీదే పడ్డాయి.”

“ఇంకో పీట వేద్దాం,” అంటూ మేస్త్రి లేచి పట్టా దులిపాడు.

ఆదెమ్మగారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పెద్దావిడ సీటు మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వారు.

యేసోబు మళ్లీ మూత తీసి పళ్ల అంచుల్ని ఆకురాయితో సరిచేశాడు. నాలుగంగుళాల తుమ్మచెక్క ముక్క చెక్కి, రెండు బోల్టులతో క్లచ్చి మీద బిగించాడు. నాలుగు గంటలకు అందరూ పొలంలో ఉన్నారు. గొర్రు దిగింది, మూడో గేరు చప్పుడు లేకుండా పడింది. నాలుగు బారలు దాటాయి, నలభై దాటాయి, గట్టు వచ్చింది. ఆమె మలుపు తిప్పి మళ్లీ అవతలి గట్టుదాకా పోయారు. ఎవరూ అడక్కపోయినా ఇంకో నాలుగు చాళ్లు తోలారు. కొంగలు బారులు కట్టి వెనక నడిచాయి.

“మరి నా సంగతో?” అన్నాడు పాతఇనుం మనిషి.

“మా మరిది మాటల్లో బోలెడు తుప్పుంది నాయనా, అది తూచుకుపో,” అని ఆదెమ్మగారు పై నుంచి అరిచారు. వీరరాఘవులు కూడా నవ్వక తప్పింది కాదు. అంత మంచి పదునులో ఎవరికీ కోపం నిలవదు.

తరువాత ఏడేళ్లకి మేస్త్రికి చూపు మందగించింది. ఒక ఉదయం అందర్నీ పిలిచి పంపకం చేశాడు. షెడ్డు పెద్దకొడుకు జానీకి. పానాల పెట్టె రెండో శిష్యుడు గురవయ్యకి. గొలుసు కప్పీ, ఇనుం కొట్టే దాగలీ అల్లుడికి. పాత టేపురికార్డరు మనవరాలికి. అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా ఎక్కువ కాలం ఉన్న యేసోబుకి ఏమీ లేదు.

యేసోబు కాసేపు చేతిగుడ్డ మడతపెట్టాడు, విప్పాడు. “మేస్త్రిగారూ, మరి నాకు?”

మేస్త్రి రోడ్డు వైపు చెవి ఒగ్గి విన్నాడు. ఆయన ముఖం విప్పారింది.

“నీ వాటా అదుగో, ఎవరో బండి తోలుకొస్తున్నారు. పో, బండి కన్నా ముందు తోలే మనిషి దిగే తీరు చూడు.”