దాలమ్మ వంద

తాతలకీ తాతలు తిరిగిన కాలం. ఒక ఏరు, ఏటి పక్కన ఒక ఊరు. ఒక ఏడు వరదకి గట్టు తెగి పెద్ద గండి పడింది. మళ్ళీ వరద వచ్చేలోగా దాన్ని పూడ్చకపోతే ఊరు మిగలదు. మండుటెండల్లో నలభై మంది మట్టితట్టలు ఎత్తారు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక ముసలమ్మ. కుంటికాలు, తట్ట మోయలేదు. అందుకని గట్టు మీద కూర్చోబెట్టి లెక్క అప్పజెప్పారు. ఒక తట్ట పడితే చిప్పలో ఒక చింతగింజ. నూరు గింజలు కాగానే "వందోయ్!" అని కేకేసేది.

అందరూ ఆగేవారు. మొదటి వందకి నాలుక మీద చింతగింజంత తాటిబెల్లం. రెండో వందకి మెడ మీద తడిగుడ్డ. మూడో వందకి ఒక ఎకసెక్కం.

"ఒరే సూరిగా! తట్టని నువ్వు మోత్తన్నావా, నిన్ను తట్ట మోత్తందా?"

నలభై మందీ విరగబడి నవ్వేవారు. మళ్ళీ బెల్లం, మళ్ళీ తడిగుడ్డ, మళ్ళీ ఎకసెక్కం. పొద్దుగూకేసరికి పన్నెండు వందల తట్టలు పడేవి.

మేస్త్రీ గవరయ్యకి ఇది నచ్చలేదు.

"ఏటి దాలమ్మత్తా! రోజుకి పన్నెండుసార్లు ఆపుతన్నావు. ఆపినప్పుడల్లా ఇరవై తట్టలు పోతన్నాయి. అంటే రెండు వందల నలభై! మబ్బులు మనకోసం ఆగుతాయా? రేపట్నుంచి ఆగేది లేదు."

"నీ ఇష్టం నాయనా," అంది దాలమ్మ.

మొదటి రోజు పదకొండు వందలు. రెండో రోజు తొమ్మిది వందల యాభై. మూడో రోజు ఇద్దరు కొట్టుకున్నారు, సూరిగాడు కూలబడి ఆ పూటంతా లేవలేదు. ఎనిమిది వందలు. ఆ సాయంత్రం కొండల మీద మబ్బు కమ్మింది. గవరయ్య గింజలన్నీ కుమ్మరించి మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఎనిమిది వందలే.

"నా లెక్క ఎక్కడ తప్పిందత్తా?"

"తట్టలు లెక్కెట్టావు నాయనా. మెడలు లెక్కెట్టలేదు."

మర్నాడు మొదటి వందకి గవరయ్యే బెల్లం పంచాడు. రెండో వందకి తన తలగుడ్డ తడిపి సూరిగాడి మెడ మీద వేశాడు. ఆ రోజు వెయ్యి. మర్నాడు పన్నెండు వందలు. ఆ మర్నాడు పదమూడో వందతో గండి మూసుకుంది. గవరయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"వందోయ్!" అంది దాలమ్మ. "గవరయ్యా, ఏటి గండి పూడింది గాని నీ నోటి గండి ఒక్కటే మిగిలింది. అందులోనూ ఒక తట్ట వెయ్యమంటావా?"

అందరికంటే ఎక్కువ గవరయ్యే నవ్వాడు. రెండో రోజుకే వరద వచ్చింది. గట్టు కదల్లేదు.

ఆ చలికాలమే దాలమ్మ పోయింది. అయినా ఇప్పటికీ ఏటా ఆ గట్టుకి మట్టి వేసేటప్పుడు నూరో తట్ట పడగానే "దాలమ్మ వంద!" అని ఎవరో ఒకరు కేకేస్తారు. తట్టలన్నీ దిగుతాయి. బెల్లం, తడిగుడ్డ, ఎకసెక్కం. మూడో వంద ఎకసెక్కం మేస్త్రీ మీదే. ఎంత పెద్దవాడైనా పడాల్సిందే. ఎవరైనా పొద్దు పోతోందని తొందర పెడితే, బెల్లం ముక్క ముందు వాడి నోట్లోనే పెడతారు.