రాజావారి వెబ్‌సైటుకు కాపలా

రాజ్యం పోయినా దర్బారు మానని రాజావారొకరు ఉండేవారు. ఆయన ఘనత చాటే వెబ్‌సైటును పోలినాయుడు తయారుచేశాడు. గదిలో ఒంటరిగా పనిచేసుకునే మనిషి. సైటు చేతికందాక అతన్ని ఎవరూ పలకరించరు. సైటును నెట్‌లో ఆగకుండా నడిపించే హోస్టింగ్ కూడా తనే చూసుకుంటే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు కదా అని ఆ పనీ మొదలుపెట్టాడు. ఎవరూ చేయలేదు. చివరికి దివాణం నుంచి పిలుపొచ్చింది.

"సైటు దానంతటదే నడుస్తోంది. ఇంక నువ్వెందుకయ్యా?" అన్నారు రాజావారు.

"మేం రోజూ చూస్తూనే ఉన్నాం ప్రభూ! ఇతని అవసరమే లేదు," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

"ఈ పొద్దున కూడా చూశారాండీ?" అడిగాడు పోలినాయుడు.

"చూడందే మెతుకు ముట్టం! దేదీప్యమానంగా ఉంది!"

"మీ కబురు రాగానే నిన్ననే దాన్ని ఆపేశానండి. ఎవరైనా అడుగుతారేమోనని ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను."

రాజావారు తన ఫోన్లో వెతికారు. సైటు లేదు. అందర్నీ బయటికి పొమ్మన్నారు. దర్బారు ఖాళీ అయ్యాక గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళూ అసలెవరైనా చూశారా?" అని అడిగారు.

"ఒక్కరు చూశారండి, రోజూ."

రాజావారి మొహం వెలిగింది. "ఎవరయ్యా?"

"తెరుచుకుంటోందో లేదో చూడాలి కదండీ. నేనే."