వెనక సీట్లో అత్తగారు

అదొక ఎర్రమట్టి ఎడారి. అందులో కంగారూల పల్లె. పల్లెకి ఒక పాత వ్యాను ఉంది గానీ, లైసెన్సు మాత్రం ఒక్కరికీ లేదు. ఎలా ఉంటుంది మరి? పరీక్ష పెట్టడానికి పట్నం నుంచి వచ్చేది నక్కగారు కదా! ఎవరైనా ఫెయిలైతే ఆయనకి అక్కడ ఇంకో పూట విందు.

ఈసారి పరీక్షకి వచ్చిన కంగారూకి లైసెన్సు లేకపోతే గడవదు. చిన్నకూతురు చెవిపోటుతో అల్లాడిపోతోంది. ఆస్పత్రేమో ఇసుక దిబ్బల అవతల. లైసెన్సు లేకుండా బయల్దేరితే దారి కాసే అడవికుక్కలు వ్యాను లాగేసుకుంటాయి.

నడపడంలో అతనికి వంక పెట్టలేం. కానీ ఆ పల్లెలో అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు. అది వాళ్ల మర్యాద. నక్కగారికి ఆ సంగతి తెలుసు. తెలిసే, కావాలని అత్తగారినే వెనక సీట్లో కూర్చోబెట్టారు. పాపం, కంగారూ తలెత్తి అద్దం చూస్తే ఒట్టు.

"అద్దం చూడవేమోయ్? ఫెయిల్!"

"అయ్యా, వెనక ఇంకెవరినైనా కూర్చోబెట్టండి. ఎన్నిసార్లయినా చూస్తాను."

"అత్తగారంటే అంత భయమా? సిగ్గులేదూ! రేపు మళ్లీ రా. వెనక ఆవిడే ఉంటుంది" అని నక్కగారు పకపకా నవ్వారు.

మనవరాలి ఏడుపు వింటున్న అత్తగారికి ఒళ్లు మండింది. తెల్లచిలుకని పిలిచి, చెవిలో ఏదో చెప్పి పట్నానికి తరిమింది.

మర్నాడు వెనక సీట్లో నిండా దుప్పటి కప్పుకుని ఒకావిడ కూర్చుంది.

"ఆ ముసుగేంటి?" అన్నారు నక్కగారు.

"కూర్చోమన్నారు గానీ మొహం చూపించమనలేదుగా!" అంది, అప్పటికే తిరిగొచ్చి కిటికీ మీద వాలిన చిలుక. అని, కంగారూ చెవిలో ఒక మాట వేసింది.

కంగారూ మొహం వెలిగింది. వ్యాను కదిలింది. ఈము పిల్లలు అడ్డొస్తే ఆగాడు. మెత్తటి ఇసుకలో చక్రం దిగబడకుండా దాటించాడు. అద్దం చూశాడు, మళ్లీ చూశాడు.

నక్కగారికి మింగుడుపడలేదు. "ఏమోయ్, నీ మర్యాద ఏమైంది?" అంటూ వెనక్కి తిరిగి దుప్పటి లాగేశారు.

ముసుగులో ఉన్నది సాక్షాత్తూ నక్కగారి అత్తగారు!

నక్కగారి తల ఠక్కున వాలిపోయింది.

"ఏం అల్లుడుగారూ, మొహం చూడరేం? పండక్కి రమ్మంటే ఒంట్లో బాలేదన్నారు. ఇక్కడ జనాన్ని ఏడిపించడానికి మాత్రం బాగానే ఉన్నారే!"

"అబ్బే... అదీ... అత్తయ్యగారూ..."

"ఈ అబ్బాయి నడుపుతుంటే నాకు హాయిగా కునుకు పట్టింది. వెయ్యండి ముద్ర!"

నక్కగారు వంచిన తల ఎత్తకుండానే ముద్ర వేశారు.

సాయంత్రానికల్లా పిల్లకి ఆస్పత్రిలో మందు పడింది. తిరుగుదారిలో తండ్రి సంబరంగా హారన్ కొడితే, "అబ్బ, నెమ్మదిగా నాన్నా!" అని కసిరింది కూడా.

అందుకే, ఎదుటివాళ్ల మర్యాద చూసి నవ్వేముందు, మన వెనక సీట్లో ఎవరున్నారో ఓసారి చూసుకోవాలి.