దివాను గారి పచ్చిక

రాజులూ దివాన్లూ ఏలే కాలంలో సింగమ్మ దివాను జగ్గరాజు ఇంటికి నీళ్ళు మోసేది. దివానుకు పచ్చిక పిచ్చి. గడ్డిని రోజూ నేలబారుగా గొరిగించేవాడు. అది మాడుతుంటే సింగమ్మ వాడలోని ఒక్క బావి నుంచే రోజుకు అరవై కడవలు పోయించేవాడు. బావి అడుగంటింది. పిల్లలు బురదనీళ్ళు వడగట్టుకుని తాగడం చూసి ఆమె నేరుగా దివాను ముందుకెళ్ళింది.

"దొరా, గడ్డిని నాలుగు వేళ్ళ ఎత్తు పెరగనిచ్చి, కోసిన పరకలు అక్కడే వదిలేస్తే ఇరవై కడవలు చాలు."

"కడవలు మోసేదానివి, నాకు పాఠాలా?"

"అయితే సగం నాకొదలండి. మీ సగానికి ముప్పై, నా సగానికి పదే పోస్తాను. నెల తర్వాత మిట్టమధ్యాహ్నం మీ సగంలో చెప్పుల్లేకుండా నిలబడండి. నేను నూరు లెక్కపెట్టేదాకా నిలిస్తే, చచ్చేదాకా వంద కడవలు మోస్తాను. లేకుంటే ఇరవయ్యే."

"ఓస్, అంతేనా!"

నెల తిరిగింది. ఊరంతా చూస్తుండగా సింగమ్మ లెక్క మొదలెట్టింది. పదిహేడు దగ్గరే, గొరిగిన నేల చుర్రుమనడంతో దివాను కెవ్వుమని ఆమె పచ్చటి గడ్డిలోకి గెంతాడు.

"మీరు గెంతారు దొరా. గడ్డి వేర్లు ఎక్కడికి గెంతుతాయి?"

నలుగురిలో మాట తప్పలేక దివాను ఇరవై కడవలకే ఒప్పుకున్నాడు. వాడవాళ్ళు ఆమెను భుజాలకెత్తుకోబోయారు. సింగమ్మ నవ్వలేదు.

"వేసవంతా మన గొంతులెండినా మారని హుకుం, ఆయన అరికాళ్ళు రవ్వంత సేపు కాలితే మారింది."