వాన తుపాకి

చినుకు పడితే చాలు, ఆ కోటలో చెకుముకి తుపాకులన్నీ మూగబోయేవి. రాయి నిప్పు రాల్చేలోపే మందు తడిసిపోయేది. అదను చూసి దొంగలు ఊళ్ల మీద పడేవారు.

కమ్మరి ముత్తోజు ఒక తుపాకికి రాయి తీసేసి, సుత్తి దెబ్బకు వానలోనూ పేలే, మందు కూరిన చిన్న రాగి టోపీ అమర్చాడు. "అన్నీ ఇలా మార్పించండి దొరా" అని సేనాధిపతి చుట్టూ తిరిగి తిరిగి అతని చెప్పులరిగాయి.

సేనాధిపతి గోపరాయుడు రాజుగారి ముందే కొట్టిపారేశాడు. "మా తాతల తుపాకి వానలోనూ పేలుతుంది. నీ టోపీదే పేలదు!"

బయట జోరున వాన. ముత్తోజుకు ఒళ్లు మండింది.

"అయితే వానలోకి రండి. పేలుతుందన్న మీ తుపాకికి నేనెదురుగా నిలబడతాను. పేలదన్న నా తుపాకికి మీరు నిలబడండి."

గోపరాయుడు మెల్లగా స్తంభం చాటుకు జరిగాడు.

"నా టోపీ మీద ఇంత నమ్మకం పెట్టుకుని, ఇన్నాళ్లూ నా ప్రాణం తోడేశారేం దొరా?"