చక్కెర మిల్లు షాఫ్టు

కూర్మారావు పీహెచ్‌డీ థీసిస్ ఆ నెలలో యూనివర్సిటీకి వెళ్ళకపోతే ఇక ఎప్పటికి వెళ్తుందో దేవుడికే తెలియాలి. నెలాఖరుకి వాడి గైడు జిలానీ మాస్టారి రిటైర్మెంటు. ఆయన సరేనంటేనే అది మా కాలేజీ గడప దాటుతుంది. అది దాటితేనే కూర్మారావుకి లెక్చరర్ ఉద్యోగం.

థీసిస్ అంటే ఉత్త కాగితాలు కాదు. గేర్‌బాక్సులు డిజైను చేసిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రాము. మాస్టారికి ఆ విద్యలో తెలిసిందంతా రూల్స్‌గా రాసి, దాన్లోకి ఎక్కించాడు కూర్మారావు. అందుకోసం ఏళ్ళ తరబడి ఆయన వెనకాలే తిరిగాడు. టీ తాగుతూ ఆయన ఏదన్నా అంటే చాలు, జేబులోంచి కాగితం తీసేవాడు. మాస్టారు తుమ్మినా రూలు రాసుకుంటాడని తోటి స్కాలర్లం ఏడిపించేవాళ్ళం.

"రేపు మాస్టారు వెళ్ళిపోయినా ఫరవాలేదు. ఆయన ఇక్కడే ఉంటారు," అన్నాడొకరోజు నాతో, మానిటర్ మీద చెయ్యి వేసి. ఆ మాటలో గర్వముంది, ప్రేమా ఉంది. నాకు మాత్రం నచ్చలేదు.

ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. కాలేజీ అంతా ఉక్కపోసి చస్తుంటే ఆ ఒక్క గదికే ఏసీ. యంత్రానికి చేసే మర్యాద మనుషులకి లేదని గొణుక్కుంటూనే, ఏదో వంకన మేమంతా అందులో దూరేవాళ్ళం. ఆ చల్లదనం, తెర మీద ఆ ఆకుపచ్చ అక్షరాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ప్రోగ్రాముని పరీక్షించడానికి వచ్చిన రోజు మాస్టారు కూడా చెప్పులు విప్పే వచ్చారు. కుర్చీలో కూర్చుని ఒంటి వేలితో టైపు చెయ్యడం మొదలుపెట్టారు. యంత్రం ఒక్కొక్కటే అడిగింది. ఎంత పవరు? ఎంత వేగం? ఎక్కడ వాడతారు?

చక్కెర మిల్లులో, అని కొట్టారు మాస్టారు.

కాసేపు ఆలోచించి, గేర్లు తిరిగే ఇరుసుని, అంటే షాఫ్టుని, లెక్కలో తేలినదానికంటే ఒక సైజు లావుగా చెయ్యమంది యంత్రం.

కూర్మారావు మొహం వెలిగిపోయింది. "మీరూ అదే అంటారు కద సార్!"

"అదే అంటాను," అన్నారు మాస్టారు. "ఎందుకని దీన్ని అడగొచ్చా?"

"అడగొచ్చు సార్. ఇంగ్లీషులో 'వై' అని కొట్టండి, ఎందుకో చెప్తుంది."

కొట్టారు. చక్కెర మిల్లు కాబట్టి, అంది యంత్రం.

మళ్ళీ కొట్టారు. చక్కెర మిల్లయితే షాఫ్టు ఒక సైజు పెంచాలన్న రూలు చూపించింది.

మళ్ళీ కొట్టారు. ఈ రూలు చెప్పినవారు ప్రొఫెసర్ జిలానీ, అని వచ్చింది.

మాస్టారు తెర మీద తన పేరు వంక చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఇంకోసారి కొట్టారు. ఈసారి ఏమీ రాలేదు.

"అక్కడితో అయిపోయింది సార్," అన్నాడు కూర్మారావు.

"నాకూ అక్కడితోనే అయిపోతుంది. ఆ మాట నాకు మా రంగనాయకులు మాస్టారు చెప్పారు. ఆయన చెప్పారు, నేను రాసుకున్నాను. ఎందుకని అడగాలని తోచేసరికి ఆయన లేరు."

కూర్మారావు మొహంలో రంగు పోయింది. వాడి కాగితాలన్నింటిలో ఏం చెయ్యాలో ఉందిగాని, ఎందుకు చెయ్యాలో ఒక్కదాన్లోనూ లేదు. వాణ్ణి చూస్తే జాలేసింది.

"పంపమంటే ఇవాళే పంపుతాను," అన్నారు మాస్టారు మెత్తగా. "బాగా చేశావు. దీనికి పట్టా ఇస్తారు కూడా." ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

కూర్మారావు వంగి యంత్రం ఆపేశాడు.

"మొదటి రూలు నుంచీ ఎందుకని మిమ్మల్ని అడగనా సార్?"

"నెలాఖరు దాటిపోతుంది కూర్మారావ్. ఉద్యోగం ఆగదు."

"దాటనివ్వండి సార్."

మాస్టారు లేచి వాడి భుజం మీద చెయ్యి వేశారు.

"అయితే ఇంటికి రా, రోజూ. తెలిసినంత మటుకు చెప్తాను. తెలీనిచోట, జిలానీకి తెలీదు అని నా పేరుతోనే రాయి."